ఆ ఒక్క గోల్ లెక్క

రాత్రి భోజనాల దగ్గర మావారు అన్న మాట ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. "మీ బాబాయి దేవుడని మొక్కిన ఆ మెక్సికో ఫుట్‌బాల్ ఆయన మూడు ప్రపంచకప్పులాడి కొట్టింది ఒక్క గోలేనట కదా" అన్నారు, చారన్నంలో అప్పడం నంచుకుంటూ. ఫోన్లో ఎక్కడో చూసినట్టున్నారు. ఆయన అనేసి మర్చిపోయి పడుకున్నారు కూడా. నేనేమో గిన్నెలు సర్దుతూ అదే, పాలు తోడు పెడుతూ అదే. రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

అంకె కరెక్టే. హ్యూగో సాంచెజ్ 1978, 1986, 1994 కప్పులాడాడు. గోల్ ఒక్కటే, 1986 జూన్ 3న అజ్టెకా స్టేడియంలో బెల్జియం మీద. కానీ ఒక మనిషి ఆడిన ఇరవై ఏళ్ళ ఆటలోంచి ఆ ఒక్క అంకె పీకి బల్ల మీద పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. అదే మనిషి స్పెయిన్ లీగ్‌లో 234 గోల్స్ కొట్టాడు. అయిదుసార్లు లీగ్ టాప్ స్కోరర్. మొదటిసారి 1985లో, అట్లెటికో మాడ్రిడ్‌లో ఉండగా. ఆ వేసవిలోనే అదే ఊరి ప్రత్యర్థి రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళాడు. సొంత అభిమానులు ఊరుకోరని అట్లెటికో వాళ్ళు ముందు అతణ్ణి మెక్సికోలో పాత క్లబ్ పూమాస్‌కి ఇచ్చి, అక్కణ్ణుంచి రియల్‌కి చేర్చారు. రియల్‌లో అడుగుపెట్టాక వరుసగా అయిదు లీగ్ టైటిళ్ళు. మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా ఫుట్‌బాల్‌లో పెద్ద టోర్నీ అయిన రోవర్స్ కప్పుని వరుసగా అయిదుసార్లు కొట్టింది కాబట్టి, అయిదు అనే అంకె వింటేనే బాబాయికి పూనకం వచ్చేది.

1989-90 సీజన్ సంగతి మావారికి ఎవరూ చెప్పినట్టు లేదు. 35 మ్యాచ్‌లు, 38 గోల్స్. ఆ 38 కూడా ఒక్క టచ్‌తో కొట్టినవే. బంతిని ఆపడం, కాలికింద సర్దుకోవడం, తలెత్తి చూడటం ఏమీ లేవు. జట్టులో తోటి ఆటగాడు మిచెల్ కుడి పక్క నుంచి బంతిని గోల్ ముందుకి వేస్తే (క్రాస్ అంటారు), డిఫెండర్ కంటే అరడుగు ముందు దూరి, బంతి ఎలా వస్తే అలాగే, తలతోనో కాలితోనో. ఒక్క లీగ్ సీజన్‌లో అత్యధిక గోల్స్ అని తెల్మో సారా 1951లో పెట్టిన రికార్డుని అందుకున్నాడు. మళ్ళీ 2011 దాకా ఆ అంకెని ఎవరూ దాటలేదు. ఆ ఏడు యూరప్ లీగుల టాప్ స్కోరర్‌కిచ్చే గోల్డెన్ బూట్‌ని బల్గేరియా కుర్రాడు స్టొయిచ్కోవ్‌తో కలిసి పంచుకున్నాడు. ఈ పేరు మళ్ళీ వస్తుంది.

అదే ఏడు జరిగిన ప్రపంచకప్‌లో హ్యూగో లేడు. ఆ సంగతి ఇప్పుడే మొదలుపెడితే బీపీ పెరుగుతుంది, కాసేపాగి రాస్తాను.

నాకు గుర్తున్నది 1994. సికింద్రాబాద్‌లో బాబాయి వాళ్ళింట్లో, మెక్సికో బల్గేరియా మ్యాచ్. న్యూజెర్సీలో సాయంత్రం, మనకి రాత్రి రెండు గంటలు. పిన్నికి నిద్రాభంగం కాకూడదని టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించేశాం. నేలమీద చాప వేసుకుని, దిండు గోడకి ఆనించుకుని బాబాయి, పక్కన నేను. ఆరో నిమిషంలో స్టొయిచ్కోవ్ కొట్టాడు. బాబాయి మూలిగాడు. పద్దెనిమిదో నిమిషంలో గార్సియా ఆస్పె పెనాల్టీతో సమం చేశాడు. రెండో సగంలో రెండు జట్లలోంచీ ఒక్కొక్కరు రెడ్ కార్డుతో బయటికి పోయారు. ఒకసారి మెక్సికో ఆటగాడు బెర్నాల్ బంతి వెనకాలే వెళ్ళి నెట్‌లో పడితే ఏకంగా గోల్‌పోస్టే విరిగింది. దాన్ని తీసి వేరేది తెచ్చి పాతారు. ఆ సందులో బాబాయి వంటింట్లోకి వెళ్ళి, పిన్ని లేవకుండా చప్పుడు చేయకుండా టీ పెట్టుకొచ్చాడు.

హ్యూగో బెంచ్ మీద ఉన్నాడు. బాబాయికి ఆట కంటే ఆ బెంచే ముఖ్యం. "ఇప్పుడు దించుతాడు చూడమ్మలూ" అంటాడు. అయిదు నిమిషాలాగి మళ్ళీ "ఇప్పుడు దించుతాడు" అంటాడు. తొంభై నిమిషాలు అయిపోయాయి. ఎక్స్‌ట్రా టైం మొదలైంది. "దించు నాయనా, ఒక్క పది నిమిషాలు దించు" అని టీవీకేసి చేతులు జోడించాడు. కోచ్ మెహియా బరోన్ ఆ నూట ఇరవై నిమిషాల్లో ఒక్క మార్పు కూడా చేయలేదు. హ్యూగోనే కాదు, ఎవర్నీ దించలేదు. షూటౌట్‌లో మొదటి పెనాల్టీనే ఆస్పె బార్ మీంచి కొట్టాడు, తర్వాత ఇద్దరివి గోలీ ఆపేశాడు. 3-1తో పోయింది. బాబాయి టీవీ కట్టేసి, చొక్కా వేసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా పాల బూత్‌కి వెళ్ళిపోయాడు. అప్పటికింకా బూత్ తెరవలేదు.

శనివారం చిన్నోడి మ్యాచ్‌లో కూడా ఇదే జరిగింది. సంగతి మీలో కొందరికి ఫోన్లో చెప్పాను. షిన్ గార్డులు బిగించుకుని చివరిదాకా బెంచ్ చివర కూచున్నాడు. మూడు గోల్స్ ఆధిక్యంలో ఉన్నప్పుడైనా దించొచ్చుగా ఆ సారు. బండి మీద వెనక కూచుని వాడు "పర్లేదమ్మా, గెలిచాంగా" అన్నాడు. వాడు అలా అన్నందుకు నాకు ఇంకా మండింది. మావారి అప్పడం మాట ఇంతగా గుచ్చుకోవడానికి అసలు కారణం అది కూడా అయ్యుంటుంది.

కానీ రాస్తూ రాస్తూ ఉంటే మెహియా బరోన్ సంగతి ఇంకో పక్కనుంచి కనిపిస్తోంది. ఇన్నేళ్ళూ బాబాయి కళ్ళతోనే చూశాను. హ్యూగోకి ఆ రోజుకి ముప్ఫై ఆరు నిండటానికి ఆరు రోజులే ఉంది. మొదటి మ్యాచ్‌లో నార్వే మీద అతన్నే దించారు, 1-0తో ఓడారు. అతను లేకుండా ఐర్లండ్‌ని గెలిచారు, ఇటలీతో డ్రా చేసుకున్నారు. నాలుగు జట్లకీ నాలుగేసి పాయింట్లొచ్చిన ఆ విచిత్రమైన గ్రూపులో మెక్సికోనే పైన నిలిచింది. కుదిరిన జట్టుని కదపడానికి ఏ కోచ్‌కైనా చెయ్యి ఆడదు. పైగా ఆ కోచ్ పరాయివాడు కాదు. ఇద్దరూ పూమాస్‌లో పెరిగినవాళ్ళే, ఇద్దరూ డెంటిస్ట్ చదువు చదివినవాళ్ళే. హ్యూగో అంటే ఏమిటో తెలియక కూచోబెట్టాడని అనలేం.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. 1986లో సొంత దేశంలో, తన మంచి వయసులో, పరాగ్వేతో 1-1గా ఉన్న మ్యాచ్ చివర్లో పెనాల్టీ వచ్చింది. కొట్టింది హ్యూగోనే. గోలీ ఆపేశాడు. కాబట్టి 1994లో అతను దిగుంటే షూటౌట్ గెలిచేసేవాళ్ళమని బాబాయి జీవితాంతం అన్న మాట మీద ఇవాళ నేను ప్రమాణం చేయలేను. నూట ఇరవై నిమిషాలు ఎండలో పరిగెత్తిన కాళ్ళని ఒక్కర్నీ మార్చకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ కోచ్ మీద కోపం సగం దిగింది, సగం ఉంది.

సంతోషం సంగతులు కూడా ఉన్నాయి. 1988 ఏప్రిల్‌లో రియల్ సొంత స్టేడియం బెర్నబేవులో లోగ్రోన్యేస్ జట్టు మీద కొట్టిన బైసికిల్ కిక్ చూడండి. ఎడమ పక్క నుంచి వచ్చిన బంతికి వీపు నేలకి సమాంతరంగా గాల్లో లేచాడు. గోల్ పడ్డాక పిల్లిమొగ్గ. ఆ పిల్లిమొగ్గకి మూలం జిమ్నాస్ట్ అయిన వాళ్ళక్క. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌కి ఆమె జిమ్నాస్టిక్స్‌లో, అతను ఫుట్‌బాల్‌లో వెళ్ళారు.

ఇక 1990. 1988లో కుర్రాళ్ళ ప్రపంచకప్ క్వాలిఫయింగ్ పోటీలకి మెక్సికో ఫెడరేషన్ వాళ్ళు వయసు దాటిన నలుగుర్ని పుట్టిన తేదీలు మార్చి పంపారు. ఆ అబద్ధం బయటపడింది కూడా ఫెడరేషన్ తానే అచ్చేసుకున్న వార్షిక పుస్తకంలోంచే. అందులో అసలు తేదీలున్నాయి, ఒక విలేకరి చూశాడు. ఫిఫా మెక్సికో జట్లన్నిటినీ రెండేళ్ళు నిషేధించింది. సియోల్ ఒలింపిక్స్ పోయింది, ఇటలీ ప్రపంచకప్ పోయింది. ఆఫీసు గదిలో కూచుని కాగితం దిద్దినవాళ్ళు చేసిన పనికి, మాడ్రిడ్‌లో ఆ ఏడు 38 గోల్స్ కొడుతున్న మనిషి శిక్ష అనుభవించాడు. మెక్సికో ప్రాంతం నుంచి కోస్టారికా, అమెరికా వెళ్ళాయి. అమెరికాకి నలభై ఏళ్ళ తర్వాత దక్కిన అవకాశం, కోస్టారికా అయితే స్కాట్లండ్‌నీ స్వీడన్‌నీ ఓడించి నాకౌట్ దాకా వెళ్ళింది. బాగా ఆడారు, వాళ్ళ మీద నాకేం లేదు. కోచ్ అయితే తప్పో ఒప్పో అందరి ముందూ నిలబడి నిర్ణయం తీసుకున్నాడు. ఆ నాలుగు తేదీలు దిద్దినవాళ్ళని మాత్రం నేను ఎప్పటికీ క్షమించను.