చిరుగు పక్కన రూపాయి బిళ్ళ

నిన్న మధ్యాహ్నం ఒక గద్వాల చీర వచ్చింది. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే గీత మీదే బెత్తెడు విడిపోయింది. గద్వాల చీరలతో ఇది మామూలే. నూలుపోగూ పట్టుపోగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే చోటు కదా, గట్టిగా గుంజితే ముందు అక్కడే వదిలేస్తుంది. "మా అత్తమ్మది. కొంచెం జాగ్రత్తగా చూడమ్మా" అని చీటీ రాసి, చీరకి పిన్ను పెట్టి పంపారు. ఫోన్ చేయకుండా చీటీ రాసే కస్టమర్ నాకు దేవుడితో సమానం.

పద్మారావునగర్‌లో మా ఇంటి ముందుగదిలో పట్టుచీరలకి రఫూ చేస్తాను, అంటే చిరుగు కనపడకుండా పోగులతో అల్లేస్తాను. ఏడేళ్ళయింది. అంతకుముందు మాదాపూర్‌లో ఉద్యోగం. గోడల్లేని హాలు, 120 మంది, నెత్తిమీద ఏసీ రొద. సాయంత్రం ఇంటికొచ్చి లైట్లు ఆర్పేసి గంటసేపు పడుకునేదాన్ని. అమ్మ ఎర్రనీళ్ళు దిగదుడిచి పారబోసేది. తర్వాతెప్పుడో తెలిసింది, ఎలైన్ ఆరన్ అనే అమెరికా సైకాలజిస్టు 1990లలోనే చప్పుళ్ళూ రద్దీ మామూలు కంటే ఎక్కువగా తగిలే నాలాంటి వాళ్ళ గురించి రాసిందని, నూటికి 15 నుంచి 20 మంది ఇలాగే ఉంటారని, ఇది జబ్బు కాదని. అమ్మకి చెప్తే "నూటికి ఇరవై మందికి దిష్టి తగుల్తదా?" అంది.

పని నేర్పింది పత్తర్‌గట్టి వెనక సందులో ఒక ముసలి రఫూగర్. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన పక్కన కూర్చుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. దారం బజార్లో కొననిచ్చేవాడు కాదు. నడుం దగ్గర లోపలికి దోపుకునే చెంగులోంచి ఆ చీర పోగే లాగి, పడుగు మీద పడుగు, పేక మీద పేక వేయాలి. అయ్యాక కళ్ళు మూసుకుని వేలితో తడిమేవాడు. తగిలిందా, విప్పాల్సిందే. జాకెట్టు మెడలో కంపెనీ లేబుల్ గీరుకుంటోందని చిన్నప్పటి నుంచీ తిట్లు తిన్నదాన్ని. ఆ పనికి మాత్రం అదే చర్మం పనికొచ్చింది.

పని వచ్చింది సరే, జనం రావాలిగా. "బయటికి రా, నలుగురిలో తిరుగు" అన్నారందరూ. ఒక ఎగ్జిబిషన్‌లో మూడు రోజులు స్టాల్ పెట్టా. అద్దె 8,000. పక్కనే మైకు. వచ్చినవి రెండు చీరలు, దాంతోపాటు జ్వరం. నుమాయిష్‌కి మాత్రం ఏటా వెళ్తాను, కొనడానికి. గేటు తెరవగానే దూరి, రద్దీ మొదలయ్యేసరికి మెట్రోలో ఉంటాను.

చివరికి ఏం చేశానంటే, పట్టుగుడ్డ ముక్కల్లో రెండేసి చిల్లులు పెట్టి, ఒకటి రఫూ చేసి, ఒకటి అలాగే వదిలేశా. సికింద్రాబాద్ జనరల్ బజార్ చుట్టుపక్కల ఏడు డ్రైక్లీనింగ్ షాపుల్లో ఇచ్చి, కార్డు పెట్టి, నిమిషంలో బయటపడ్డా. ఇద్దరు ఫోన్ చేశారు. ఈరోజు నా పనిలో సగానికి పైగా ఆ ఇద్దరి నుంచే. వందకి 20 వాళ్ళకి ఇస్తాను. "అంతెందుకు?" అంటాడు మా తమ్ముడు. కస్టమర్‌తో మాట్లాడేది, బేరమాడేది, "రేపిస్తాం ఎల్లుండిస్తాం" అని నచ్చజెప్పేది ఆ షాపువాళ్ళు. ఆ కూలి వాళ్ళదే.

నేరుగా వచ్చేవాళ్ళకి వాట్సాప్ బిజినెస్‌లో ఒకే మెసేజ్ పెట్టా: చిరుగు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో పంపండి. బిళ్ళని బట్టి చిరుగు ఎంతో తెలిసిపోతుంది. కిందనే అంగుళానికి ఇంత అని రేటు. ఇది లేనప్పుడు రేటు నోటితో చెప్పాల్సొచ్చేది, వాళ్ళు అడక్కముందే నేనే సగం తగ్గించేసేదాన్ని! రాసిపెట్టాక, అంగుళానికి 150 ఉన్నది మెల్లగా 350 అయింది. ఎవరూ కొట్టలేదు. ఉద్యం రిజిస్ట్రేషన్, అదే చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు, కూడా ఆధార్‌తో ఆన్‌లైన్‌లోనే, ఫీజు లేకుండా అయిపోయింది. ఏ కౌంటర్ ముందూ గొంతు పెగల్చుకోనక్కర్లేకపోయింది.

నెలకి 25 చీరలు, అంతకి మించి తీసుకోను. ఇద్దరమ్మాయిల్ని పెట్టుకుని పెంచమంటారు. ఒకమ్మాయిని పెట్టుకున్నా. బంగారంలాంటి పిల్ల, కానీ రోజంతా ఫోన్లో రీల్స్ మోగాలి. నా కుట్లు వంకర పోయాయి. ఇప్పుడు వారాసిగూడలో వాళ్ళింట్లోనే కుచ్చులు వేస్తుంది. ఇద్దరికీ సుఖం.

అన్నీ ఇలా సర్దుకున్నాయనుకోకండి. రెండేళ్ళ క్రితం ట్యూబ్‌లైట్ కింద వేరే దారం రంగు సరిచూసి చేసిన మెరూన్ చీర ఎండలో వేరేగా కనిపించింది. ఆవిడ గేటు దగ్గరే నిలబడి వీధంతా వినపడేలా అరిచింది. తప్పు నాదే. డబ్బులు తిరిగిచ్చేశా, ఆటో ఖర్చు కూడా ఇచ్చా. మూడు రోజులు సూది పట్టుకోలేదు, చెయ్యి వణుకు ఆగలేదు. అప్పటి నుంచి పోగులు ఎంచేది పొద్దున పది నుంచి పన్నెండు మధ్యే, గుమ్మంలో కూర్చుని. గేటు చప్పుడైతే మాత్రం ఇప్పటికీ గుండె జారుతుంది.

గద్వాల చీర ఇందాకే అయింది. కళ్ళు మూసుకుని తడిమాను, తగల్లేదు. ఆ అత్తమ్మగారి కోడలికి జవాబు చీటీ రాయాలి. ఇప్పటికి మూడు చింపేశా.