రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య నలిగిన నా ప్రపోజల్

నిన్న సాయంత్రం ఆమోదం ఉత్తరం చేతికొచ్చింది. టెయిలింగ్స్ డ్యామ్‌ల భద్రత మీద నేను చేయబోయే పీహెచ్‌డీకి ఇక అడ్డు లేదు. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. మైనింగ్ సేఫ్టీ, మినరల్ ఇంజినీరింగ్ రెండూ కలిసే చోట పని చేయాలనుకునే వాళ్లకు నేను పడ్డ పాట్లు తెలియాలి.

ముందు విషయం ఏమిటో చెప్తాను. గనిలోంచి తెచ్చిన రాయిని మిల్లులో నూరి, కావలసిన ఖనిజం లాగేసుకున్నాక నీళ్లతో కలిసిన సన్నటి బురద మిగులుతుంది. అదే టెయిలింగ్స్. రాగి గనుల్లో అయితే నూరిన రాయిలో దాదాపు అంతా బురదగానే పోతుంది. దాన్ని పైపుల్లో పంపి ఒక కట్ట వెనుక నింపుతారు. ఆ కట్ట తెగితే ఏమవుతుందో 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాజిన్యు ఇనుప గని దగ్గర చూశాం. 270 మంది పోయారు. అంతకు మూడేళ్ల పైచిలుకు ముందు, 2015 నవంబర్ 5న, అదే రాష్ట్రంలో ఫుందావ్ డ్యామ్ తెగి 19 మంది పోయారు. 1985లో ఇటలీలోని స్తావాలో 268 మంది.

నా ప్రపోజల్ సారాంశం ఒక్క మాటలో: కట్ట భద్రత మిల్లులోనే మొదలవుతుంది. రాయిని ఎంత మెత్తగా నూరారు, థిక్నర్‌లో (బురదను పేరుకోనిచ్చి నీరు తీసే తొట్టి) ఎంత నీరు తీశారు, స్లైమ్స్‌ని (మరీ సన్నటి బురద రేణువులని) ఇసుక నుంచి వేరు చేశారా లేదా అన్నవే తర్వాత ఆ బురద గట్టిగా నిలబడుతుందా, నీరులా పారుతుందా అన్నది తేలుస్తాయి. ఒకే ఓర్‌ని (ఖనిజం ఉన్న రాయిని) వేర్వేరు సైజుల్లో నూరి, వచ్చిన టెయిలింగ్స్ బలాన్ని పోల్చి చూడాలన్నది నా పని.

చదవడం, రాయడం సాఫీగా సాగిపోయాయి. శాంపిల్ కూడా సులభంగానే దొరికింది. మిల్లు మేనేజర్‌గారికి ఎందుకు, ఎంత కావాలో వివరంగా ఒక పేజీ ఉత్తరం రాస్తే డ్రమ్ముల్లో పంపించారు. డ్రమ్ము మూత తీస్తే పైన తేట నీరు, దాని కింద వేలు పెడితే జారిపోయే స్లైమ్స్, అడుగున గరిట కూడా దిగని ఇసుక. దారిలో కుదుపులకు అలా విడిపోతుంది. పైనుంచి గరిటెడు తీసి టెస్ట్ చేసేవాళ్లను చాలామందిని చూశాను. దయచేసి అలా చేయకండి. డ్రమ్ము మొత్తం కలిపి, స్ప్లిటర్‌తో భాగాలు చేసుకున్నాకే ఏ పరీక్ష అయినా.

ల్యాబ్ సేఫ్టీ ఆఫీసర్‌గారు ఒక్కటే అడిగారు: ఎండిన శాంపిల్ జల్లెడ పట్టేటప్పుడు లేచే దుమ్ములో క్వార్ట్జ్ ఎంత? అడగాల్సిన ప్రశ్నే. ఆ క్వార్ట్జ్ దుమ్ము పీలిస్తే వచ్చే జబ్బు సిలికోసిస్, అది వస్తే ఊపిరితిత్తులు మళ్లీ మామూలుగా అవవు. తడిగానే జల్లెడ పడతాను, ఎండబెట్టిన దాన్ని ఫ్యూమ్ హుడ్‌లోనే తెరుస్తాను, మాస్కు సరిగ్గా ఫిట్ అయిందో పరీక్ష చేయించుకుంటాను అని రాసిచ్చాను. అక్కడికక్కడే సంతకం పెట్టేశారు. ఈ మొత్తం వ్యవహారంలో తన పని తను చేసిన మొదటి మనిషి ఆయనే.

ఇక కమిటీ సంగతి.

మొదట మా మినరల్ ఇంజినీరింగ్ వాళ్ల ముందు కూర్చున్నాను. రెండో స్లైడ్‌లో డ్యామ్ బొమ్మ కనపడగానే ఛైర్మన్‌గారు ఫైలు మూసేశారు. "కట్టలు కట్టడం మన పని కాదమ్మా. సివిల్ వాళ్ల దగ్గరికి వెళ్లు." మిగతా స్లైడ్లు చూడనే లేదు. సరే అని సివిల్‌లో మట్టి, కట్టల బలం చూసే జియోటెక్నికల్ వాళ్ల దగ్గరికి వెళ్లాను. అక్కడ గ్రైండింగ్ సైజు, ఫ్లాక్యులెంట్ (సన్న రేణువులను ముద్దకట్టించే మందు) డోసు గ్రాఫులు చూసి, "ఇవన్నీ మాకెందుకు? మట్టి గుణాలు చెప్పండి చాలు. ఆ మట్టి ఎలా తయారైందో మాకు అనవసరం" అన్నారు. ఫైలు మళ్లీ మా వాళ్ల దగ్గరికే వచ్చింది. అప్లికేషన్‌లో డిపార్ట్‌మెంట్ పేరుకు ఒకే గడి ఉంది. రెండు పేర్లు రాస్తానంటే ఆఫీసులో "సిస్టమ్ తీసుకోదు మేడమ్" అన్నారు.

తర్వాతి సమావేశానికి జూనియర్లు కూడా వచ్చారు. బయటి నుంచి వచ్చిన సభ్యుడొకాయన నా వైపు చూడకుండానే, "ఈ అమ్మాయి ఏ డిపార్ట్‌మెంటో ముందు తేల్చుకోమనండి, సబ్జెక్టు తర్వాత చూద్దాం" అన్నారు. కొందరు నవ్వారు. మా గైడ్‌గారు పక్కనే ఉండి పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు, నోరు మెదపలేదు. ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పటికి నా చెవులు వేడెక్కిపోయాయి. నాకు రాని విషయం మీద నిలదీస్తే తల వంచుకునేదాన్ని. కానీ నేను ఏళ్ల తరబడి చదివిన విషయాన్ని చదవనివాళ్లు నవ్వి కొట్టేశారు. అది మర్చిపోను.

అసలు ఈ గోడ ఎవరికి మేలు? ఫుందావ్ మీద నివేదిక రాసింది జియోటెక్నికల్ నిపుణులే. వాళ్లు ఎక్కడ తేలారు? ఇసుక ఉండాల్సిన చోటికి స్లైమ్స్ చేరాయన్న దగ్గర. కట్ట అంచు నుంచి లోపలికి కనీసం 200 మీటర్ల ఇసుక మేట (బీచ్) ఉండాలని నియమం పెట్టుకున్నారు, అది నిలబెట్టుకోలేకపోయారు. ఆ మెత్తటి పొరల మీదికే కట్టను పెంచుకుంటూ పోయారు. బ్రుమాజిన్యు నివేదిక రాసినవాళ్లూ ఆ రంగం వాళ్లే. అక్కడి టెయిలింగ్స్‌లో ఇనుము చాలా ఎక్కువ ఉందనీ, రేణువుల మధ్య బంధం ఏర్పడి పైకి గట్టిగా కనపడినా తెగేటప్పుడు గాజులా ఒక్కసారిగా తెగిందనీ రాశారు. మరి ఇనుము ఎందుకు మిగిలింది? మిల్లు దాన్ని పట్టుకోలేక వదిలేసింది కాబట్టి. ఇది ఏ డిపార్ట్‌మెంట్ విషయమో ఆ నవ్వినవాళ్లు చెప్పాలి.

అప్పుడు నేను చేసిన తెలివైన పని, డీన్‌గారికి నేరుగా ఉత్తరం రాసి రెండు డిపార్ట్‌మెంట్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టమని అడగడం. 2020 ఆగస్టులో వచ్చిన టెయిలింగ్స్ అంతర్జాతీయ ప్రమాణం రెండో సూత్రాన్ని దానికి జత చేశాను. వేర్వేరు శాస్త్రాలను కలిపిన సమాచారం ఆధారంగానే టెయిలింగ్స్ నిర్వహణ సాగాలని అందులో స్పష్టంగా ఉంది. ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టమే. ఫిర్యాదులా రాయకండి. కాగితం చూపించి, దీని ప్రకారం చేయనివ్వండి అని మాత్రమే అడగండి.

ఆ సమావేశానికి స్లైడ్లు తగ్గించి రెండు గాజు జాడీలు పట్టుకెళ్లాను. రెండింట్లోనూ ఒకే టెయిలింగ్స్. ఒకదానిలో బురదగా పోసి పేరుకోనిచ్చాను. రెండోదానిలో నీరు వడకట్టి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నింపాను. రెండింటి మీదా ఒక్కో ఇనుప నట్టు పెట్టాను. చూడడానికి రెండూ గట్టి నేలలాగే ఉన్నాయి. జాడీల పక్కన వేలితో గట్టిగా కొట్టాను. మొదటి జాడీలో నట్టు మునిగిపోయింది, పైన నీరు ఊరింది. రెండో జాడీలో కదల్లేదు.

అప్పుడు ఆ బయటి సభ్యుడే అడిగారు: "మరి బ్రుమాజిన్యులో ఎవరు కొట్టారు?" మంచి ప్రశ్న, నేను ఎదురుచూస్తున్న ప్రశ్న. ఎవరూ కొట్టలేదు సార్, అన్నాను. భూకంపం లేదు, పేలుడు కారణమని నివేదిక తేల్చలేదు. 2016 జులై నుంచి ఆ డ్యామ్‌లో కొత్తగా బురద పోయడం కూడా లేదు. వదులుగా పేరుకుని నీళ్లు నిండిన పొరలు బరువు కింద నెమ్మదిగా జరుగుతూ వచ్చాయి, వానలకు పై పొరల్లో బిగువు తగ్గింది. అలాంటి పొరలో రేణువులు దగ్గరకు జరగబోతే మధ్యలో ఉన్న నీటికి బయటికి పోయే దారి ఉండదు. బరువంతా నీటి మీద పడుతుంది, రేణువుల మధ్య పట్టు పోతుంది. రేణువు ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఆలస్యంగా బయటికి పోతుంది. ఆ సన్నదనాన్ని నిర్ణయించేది మిల్లు.

ఆయన ఇంకేమీ అడగలేదు. జియోటెక్నికల్ మేడమ్ ఒకరు రెండో జాడీని చేతిలోకి తీసుకుని, ఎంత తేమ దగ్గర దిమ్మిస కొట్టావని అడిగారు. ఇప్పుడు ఆవిడే నా రెండో గైడ్.

మీరూ ఇలాంటి విషయం ఎంచుకుంటే మొదటి సమావేశానికి ముందే రెండు డిపార్ట్‌మెంట్ల నుంచీ ఒక్కో గైడ్ సంతకం తీసుకోండి. రెండో వాళ్ల ల్యాబ్‌లో మెషిన్ టైమ్ ఇస్తారని అందులోనే రాయించండి. నోటి మాట నమ్మకండి. మీ గైడ్ నలుగురిలో మీ తరఫున మాట్లాడతారో లేదో చేరకముందే పాత విద్యార్థులను అడిగి తెలుసుకోండి, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఫుందావ్, బ్రుమాజిన్యు నివేదికలు రెండూ ఉచితంగా దొరుకుతాయి, పాఠ్యపుస్తకాల కంటే ముందు అవి చదవండి.

అప్లికేషన్‌లో గడి మాత్రం ఇప్పటికీ ఒకటే. ఆఫీసు వాళ్లు రెండో పేరు పెన్నుతో పక్కన రాసి స్టాంపు వేసి ఇచ్చారు. వచ్చే వారం నుంచి గ్రైండింగ్ మొదలుపెడుతున్నాను, మట్టి బలాన్ని కొలిచే ట్రయాక్సియల్ మెషిన్ కోసం పేరు నమోదు చేసుకున్నాను.