మాది కారం వ్యాపారమా, మిర్చి వ్యాపారమా

గుంటూరులో మా నాన్నగారు 1988లో ఒక చిన్న కారం మరతో మొదలుపెట్టిన వ్యాపారాన్ని 2015 నుంచి నేను చూసుకుంటున్నాను. నా హయాంలో కారంతో పాటు కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం, ఇడ్లీ కారం వంటివి చేరి, రకాలు 46 అయ్యాయి. 2024 నాటికి ఏడాది అమ్మకం కోటీ అరవై లక్షలు దాటింది. అయినా ప్రతి నెలా జీతాల రోజు వచ్చేసరికి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు (ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకునే అప్పు) మీద ఆధారపడవలసి వచ్చేది. ఆడిటరుగారి పట్టికలో లాభమే కనిపించింది, దాని మీద పన్ను కూడా కట్టాం. అమ్మకం పెరిగే కొద్దీ చేతిలో డబ్బు ఎందుకు ఆడడం లేదో మాత్రం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఆ పరిస్థితిలో నేను ఒక బిజినెస్ స్ట్రాటజీ కోచ్‌తో ఆరు నెలలు పనిచేశాను. చిన్న వ్యాపారాలు నడిపే వారికి పనికొస్తుందనే ఉద్దేశంతో ఆ అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను.

అంతకు ముందు ఏడాది హైదరాబాదులో రెండు రోజుల శిక్షణకు వెళ్ళి వచ్చాను. పెద్ద హాలు, మూడు వందల మంది, చప్పట్లు. ఇంటికి తెచ్చుకున్నది ఒక ఫైలు మాత్రమే. అందుకే కోచ్ అన్న మాట వినగానే మొదట వద్దనుకున్నాను. ప్రింటింగ్ ప్రెస్ నడిపే మా పెద్దమ్మగారి అబ్బాయి తన అనుభవం చెప్పి ఒప్పించాడు. ఆ కోచ్ విజయవాడలో ఉండే ఒకావిడ, గృహావసర వస్తువుల కంపెనీలో పాతికేళ్ళకు పైగా అమ్మకాల విభాగంలో పనిచేసి విరమించారు. నెలకు రెండు సమావేశాలు, నెలకు ఇరవై వేల రూపాయలు, ఆరు నెలలు అని ఒక్క పేజీ ఒప్పందం రాసుకున్నాం. మా లెక్కలు బయటికి చెప్పరాదనీ, ఆమె సూచించే బ్యాంకు నుంచి గానీ యంత్రాలు అమ్మేవారి నుంచి గానీ కమీషను తీసుకోరాదనీ అందులో ఉంది. ఆ రెండో షరతును ఆమే చేర్పించారు. ఎవరితో ఒప్పందం చేసుకున్నా ఆ షరతు ఉండేలా చూసుకోండని నేను గట్టిగా చెబుతాను.

ఫోనులోనే ఆమె ఒక సంగతి స్పష్టం చేశారు. కన్సల్టెంటు అయితే పరిశీలించి, నివేదిక రాసి, ఇలా చెయ్యమని చెప్పి వెళ్తాడు. కోచ్ మాత్రం ప్రశ్నలు అడిగి, లెక్క మన చేతనే వేయించి, నిర్ణయం మన నోటి వెంటే రప్పించాలి. "మీ మర గురించి నాకేమీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడితే మీరు డబ్బు దండగ చేసుకున్నట్టే," అన్నారు.

మొదటి సమావేశానికి ఆఫీసు గది వద్దని నేరుగా మర దగ్గరికే వచ్చారు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ముచ్చికలు తీసే ఆడవాళ్ళ పక్కన పీట వేసుకుని గంటసేపు కూర్చున్నారు. తాలు కాయలను ఎందుకు వేరు చేస్తున్నారు, వాటిని ఎవరు కొంటారు, రోజుకు ఒక్కొక్కరు ఎన్ని కిలోలు తీస్తారు అని వాళ్ళనే అడిగారు. ఆ తరువాత నా దగ్గరికి వచ్చి, "ఈ 46 రకాల్లో మీకు అన్నం పెడుతున్నది ఏది?" అన్నారు. తడుముకోకుండా కందిపొడి అన్నాను. ఊళ్ళో పెద్ద సూపర్ మార్కెట్ల అరల మీద ఉన్నది అదే, అందరూ మెచ్చుకునేదీ అదే. "సరే, వచ్చేసారికి ఒక్క ప్యాకెట్టు లెక్క రాసి ఉంచండి. బజారు నుంచి కొనుక్కొచ్చిన ప్యాకెట్టు ముందు పెట్టుకుని రాయండి," అని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ లెక్క రాయడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. 200 గ్రాముల ప్యాకెట్టు మీద ఎంఆర్‌పీ 120 రూపాయలు. అందులో సూపర్ మార్కెట్టు వాటా 36. మిగిలిన 84లో 5 శాతం జీఎస్టీ తీసేస్తే మాకు వచ్చేది 80. పప్పు, మిరపకాయ, వెల్లుల్లి, వేయింపు కలిపి 46. కవరు, లేబులు, అట్టపెట్టె 9. రవాణా 5. గడువు దాటి తిరిగొచ్చే సరుకు, చిరిగిపోయే కవర్లకు 5. పండుగలకు వారు అడిగే ఆఫర్లకు సగటున 6. అన్నీ పోగా ప్యాకెట్టుకు 9 రూపాయలు మిగులుతున్నాయి, జీతాలూ కరెంటూ వడ్డీ ఇంకా అందులోంచే రావాలి. అదే ప్యాకెట్టును బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న మనవాళ్ళు ఫోనులో చెప్పి తెప్పించుకుంటే, కొరియరు ఖర్చు వారే పెట్టుకుంటారు కనుక, జీఎస్టీ, సరుకు, కవరు, పెట్టె ఖర్చులు పోగా మాకు 55 మిగులుతోంది. తొమ్మిదేళ్ళుగా వ్యాపారం చేస్తూ ఈ రెండు అంకెలను పక్కపక్కన ఎన్నడూ రాసుకోలేదు. ఆ కాగితం ఇప్పటికీ గల్లాపెట్టెలో ఉంది.

రెండో లెక్క బాకీలది. ఒక సూపర్ మార్కెట్ సంస్థకు ఏడాదికి 60 లక్షల సరుకు పంపుతున్నాం. వారి నుంచి రావలసిన బాకీ 16 లక్షలు. బాకీని ఏడాది అమ్మకంతో భాగించి 365తో హెచ్చిస్తే 97 వచ్చింది. అంటే సరుకు దించిన 97 రోజులకు డబ్బు వస్తోందన్నమాట. మేము 11 శాతం వడ్డీకి తెచ్చిన సొమ్ము వారి దగ్గర వడ్డీ లేని అప్పుగా తిరుగుతోంది.

మూడో లెక్క దగ్గర నాకు కోపం వచ్చింది. 2024 అక్టోబరులో కోల్డ్ స్టోరేజీ రసీదులు చూపించమని ఆమె అడిగారు. ఆ మార్చిలో క్వింటాలు సగటున 18,500 పెట్టి కొన్న కాయలు 780 టిక్కీలు (ఒక్కోటి దాదాపు 40 కిలోల బస్తా) అక్కడ ఉన్నాయి. మాకు నెలకు పట్టేది 75 టిక్కీలు, కొత్త పంట మిర్చి యార్డుకు దిగే ఫిబ్రవరి దాకా 375 ఉంటే చాలు. మిగిలిన 400 టిక్కీలు ధర పెరిగితే అమ్ముదామని ఉంచినవి. వాటి విలువ దాదాపు 30 లక్షలు, ఆ రసీదుల మీదే బ్యాంకు అప్పు కూడా ఉంది. ఆమె రసీదులను బల్ల మీద రెండు కట్టలుగా పెట్టి, "మీది కారం వ్యాపారమా, మిర్చి వ్యాపారమా?" అని అడిగారు. గుంటూరులో పుట్టినవాడికి ఆ ప్రశ్న వేయడమేమిటని నేను విసుక్కున్నాను, సమావేశం మధ్యలోనే ముగిసింది. ఆ వారం ఆమె ఫోను చేయలేదు, నేనూ చేయలేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మరలో ఇరవై ఇద్దరు సంపాదించిన డబ్బును కోల్డ్ స్టోరేజీలో పందెం కాసినట్టు పెట్టి, ఇంకో భాగాన్ని సూపర్ మార్కెట్టుకు అప్పిచ్చి, జీతాలకు ఓవర్‌డ్రాఫ్టు వాడుతున్నానని ఆ వారంలోనే నాకు తెలిసివచ్చింది. పదో రోజున నేనే ఫోను చేశాను.

లెక్క నాకు అర్థమైనంత మాత్రాన నాన్నగారికి చెప్పడం తేలిక కాలేదు. సూపర్ మార్కెట్టుకు వెళ్ళినప్పుడల్లా ఆయన మా ప్యాకెట్టు ముందు ఆగి, కళ్ళజోడు సర్దుకుని, వెనక్కి జరిగిన ప్యాకెట్లను ముందుకు లాగి వరుసగా పెట్టి వస్తారు. ఆ అర ఆయన ముప్పై ఆరేళ్ళ కష్టానికి దక్కిన గౌరవం. ఆ సమావేశానికి కోచ్ మా ఇంటికే వచ్చారు. మిర్చి అమ్మేద్దామని నేను అనగానే, "కార్తీకం దాటితే ధర లేస్తుందమ్మా, నేను చూడనిదా?" అని ఆయన ఆమెతోనే అన్నారు. ఆమె వాదించలేదు. "బాబాయి గారూ, లేవకపోతే జీతాలు ఎక్కడి నుంచి ఇవ్వాలో ఈ కాగితం మీద మీరే రాయండి," అని 13 వారాల నగదు పట్టికను ఆయన ముందు పెట్టారు. వారం వారం వచ్చేదీ పోయేదీ రాసుకునే మామూలు పట్టిక అది. ఆయన చాలాసేపు చూసి, డిసెంబరు రెండో వారం దగ్గర వేలు పెట్టి ఆగిపోయారు. చివరికి సగం, అంటే 200 టిక్కీలు అమ్మడానికి ఒప్పుకున్నారు. మిగతా సగం ఉంచాం. 2025 ఫిబ్రవరిలో ధరలు ఎంతగా పడిపోయాయంటే, ఆంధ్రప్రదేశ్ మిర్చికి మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. ఉంచిన సగం మీద మాకు 5 లక్షలకు పైగా నష్టం వచ్చింది. యార్డులో పంట అమ్ముకోలేక టిక్కీల మీదే పడుకున్న రైతులను ఆ రోజుల్లో చూశాను కనుక, మా నష్టం గురించి ఇంతకంటే రాయాలనిపించడం లేదు.

బాకీల విషయంలో దారి తేలికగానే దొరికింది. మాకు ఉద్యమ్ రిజిస్ట్రేషను (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) ఉంది కానీ ఆ నంబరు బిల్లుల మీద వేసేవాళ్ళం కాదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి సరుకు కొన్నవారు 45 రోజులకు మించి గడువు పెట్టుకోవడానికి 2006 నాటి చట్టం ఒప్పుకోదు. రాతకోతలు లేకపోతే గడువు 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ ఇవ్వాలి. దీనికి తోడు, ఆ గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి కూడా చెల్లించని మొత్తాన్ని కొన్న సంస్థ తన ఆ ఏటి ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేకుండా అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆడిటరుగారి చేత మర్యాదగా ఒక ఉత్తరం రాయించి, ఉద్యమ్ పత్రం జతచేసి పంపాం. కొనుగోలు విభాగం పలకలేదు కానీ లెక్కల విభాగం వారు వెంటనే ఫోను చేశారు. మార్చి నెలాఖరుకు 16 లక్షల్లో 11 లక్షలు వచ్చాయి. ఆ తరువాత ఆ సంస్థకు సరుకు నిలిపివేశాం. వ్యాపారం చేసే ప్రతి ఒక్కరూ తమ సంస్థ ఈ చట్టం పరిధిలోకి వస్తుందో లేదో ఆడిటరును అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే తయారీదారులకు ఉన్న ఈ రక్షణ కేవలం కొని అమ్మే వ్యాపారులకు లేదు.

కోచ్ చెప్పినవన్నీ సరిగ్గా కుదరలేదు. ఖర్చు తగ్గించడానికి కారంలో మూడు రకాల కాయలు ఎందుకు, ఒకటి చాలదా అని ఆమె పట్టుబట్టారు. తేజ ఘాటు ఇస్తుంది, బాడిగ రంగు ఇస్తుంది, 334 రెంటినీ మోస్తుంది. ఒక్క తేజతో ఆడించి ఇద్దరు కేటరింగు వాళ్ళకు ఇస్తే, కూర రంగు రాలేదని మూడో రోజే తిప్పి పంపారు. ఆమె ఆ సంచీని తెరిచి చూసి, "ఇక్కడ మీ మాటే సరైనది," అని నోటుపుస్తకంలో రాసుకున్నారు. నాకు ఆమె మీద నమ్మకం స్థిరపడింది ఆ రోజే.

రకాలను 46 నుంచి 14కు తగ్గించాం. పనివాళ్ళలో ఎవరినీ తీయలేదు. గుంటూరు, విజయవాడ, తెనాలి టిఫిన్ సెంటర్లకు, కేటరింగు వారికి ఐదు కిలోల, ఇరవై కిలోల సంచుల్లో కారం, ఇడ్లీ కారం వారం వారం నగదుకు ఇస్తున్నాం. ఫోను మీద ఇళ్ళకు పంపే పని నా భార్య చూస్తోంది. 2025 మార్చితో ముగిసిన ఏడాది అమ్మకం కోటీ ముప్పై ఎనిమిది లక్షలకు తగ్గింది. ఏప్రిల్ నుంచి జీతాలకు ఓవర్‌డ్రాఫ్టు తాకలేదు. ఒప్పందాన్ని ఇంకో ఆరు నెలలు పొడిగించమని అడిగితే ఆమె ఒప్పుకోలేదు. ప్రతి సోమవారం ఆ 13 వారాల పట్టిక నింపుకోమని, ఏదైనా గడి ఎర్రబడితే అప్పుడు ఫోను చేయమని చెప్పారు.

ఆ ఏడాది కాయలు కొనడానికి నాన్నగారే యార్డుకు వెళ్ళారు. ధర బాగా తక్కువగా ఉంది, ఎంత కావాలన్నా దొరుకుతుంది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆయన ఫోను వచ్చింది. వెనక హమాలీల కేకలు వినిపిస్తున్నాయి. "225 వేయించానురా, మూడు నెలలకు అంతే కదా పట్టేది?" అన్నారు. అంతేనండి అన్నాను.