ఊ కొట్టే మనిషి ఒకరు కావాలి

మనసులో మాట చెప్పుకోవాలంటే ముందు ఊ కొట్టే మనిషి దొరకాలండి. బుర్రకథే చూడండి, కథకుడు తంబురా పట్టుకుని ఒక్కడే చెప్పుకుపోడు, పక్కన ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తూ మధ్యమధ్యలో ప్రశ్నలడుగుతుంటేనే కథ కదుల్తుంది, షేక్ నాజర్ అంతటాయనకి కూడా వంతలు ఉండాల్సిందే. నాకు మా పిన్ని అలాంటి మనిషి. నాన్న పోయాక ఆ ఆస్పత్రి రోజులన్నీ చెప్తుంటే చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూనే వింది, నాకు గొంతు పూడుకుపోయి ఆగిపోతే తన చేతులూ ఆగాయి, కాసేపాగి "ఊ, చెప్పమ్మా" అంది, అంతే. మిగతావాళ్ళేమో సగంలోనే "మా మావయ్యకీ అచ్చం ఇంతే" అని వాళ్ళ కథ మొదలెట్టేస్తారు, లేదంటే ఫోన్ చూస్కుంటూ ఓ సలహా పడేస్తారు. సలహాలొద్దండీ, చివరిదాకా వినండి చాలు.