జెల్ గోళ్లు వేయించుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది చర్మం

గోటికి జెల్ పూస్తున్నప్పుడు పక్క చర్మానికి అంటుకునే చిన్న చుక్క, ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది అదే. కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నెయిల్ స్టూడియోలకు వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగేది జెల్‌ను గట్టిపరిచే ల్యాంప్ గురించి, దానివల్ల క్యాన్సర్ వస్తుందా అని. ల్యాంప్ సంగతి కిందికి వస్తుంది. ముందు ఈ చుక్క సంగతి తెలియాలి.

సీసాలోని జెల్‌లో యాక్రిలేట్లు, మెథాక్రిలేట్లు అనే చిన్న అణువులు ఉంటాయి. ల్యాంప్ వెలుతురు తగలగానే అవి ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడతాయి. పూర్తిగా గట్టిపడ్డ జెల్‌తో పెద్దగా ఇబ్బంది లేదు. గట్టిపడకుండా మిగిలినవి మాత్రం చర్మంలోకి దిగుతాయి. వీటిలో ఎక్కువగా పేచీ పెట్టేది హెమా, అంటే హైడ్రాక్సీఇథైల్ మెథాక్రిలేట్. మొదట్లో ఏమీ తెలియదు. వారాలో నెలలో గడిచాక శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఇక ఎప్పుడు తగిలినా ఒకటి రెండు రోజుల్లో వేళ్ల చివర్లు దురదపెడతాయి, పగులుతాయి, నీటి పొక్కులు లేస్తాయి, గోరు అడుగు నుంచి ఊడి పైకి లేస్తుంది. కొందరికి వేళ్లు బాగానే ఉండి, కనురెప్పలూ మెడా ఎర్రబడతాయి. చేత్తో ముఖం తాకడం వల్లో, ఫైల్ చేసినప్పుడు లేచిన పొడి వల్లో ఇలా అవుతుంది. దురద తగ్గినా, ఒకసారి పట్టుకున్న ఈ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది.

అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ (ఏదైనా తగలడం వల్ల వచ్చే చర్మపు వాపు, దురద) నిపుణుల సంఘం 2012లో యాక్రిలేట్లను 'ఆ ఏటి అలర్జెన్'గా, అంటే అలర్జీ కలిగించే పదార్థంగా ప్రకటించింది. గోళ్లకు వాడే ఉత్పత్తుల్లో హెమాను వృత్తిలో ఉన్నవాళ్లే వాడాలని, అలర్జీ రావచ్చన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండాలని యూరోపియన్ యూనియన్ 2020లో నిబంధన తెచ్చింది. జెల్‌ను గట్టిపరచడానికి కలిపే టీపీఓ అనే మరో రసాయనాన్ని అక్కడే 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించారు. అక్కడ ఆగిన సరుకు ఇక్కడ కూడా ఆగిపోయిందని అనుకోకండి. బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, లేబుల్ మీద పదార్థాల జాబితా, బ్యాచ్ నంబర్, గడువు తేదీ చూడాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబర్ ఉండాలని మన దేశపు 2020 కాస్మెటిక్స్ రూల్స్ చెబుతున్నాయి. పేరు తప్ప ఇంకేమీ రాయని సీసాను ఎంత చవకైనా కొనొద్దు. 'హెమా ఫ్రీ' అని రాసి ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. దాని బదులు వేసే హైడ్రాక్సీప్రొపైల్ మెథాక్రిలేట్ లాంటివి కూడా అదే అలర్జీని రేపగలవు.

పని సరిగ్గా జరుగుతోందో లేదో కుర్చీలో కూర్చునే గమనించవచ్చు. జెల్‌కీ క్యూటికల్‌కీ (గోటి మొదట్లో ఉండే పలుచటి చర్మానికీ) మధ్య వెంట్రుకంత ఖాళీ వదలాలి. చర్మానికి అంటితే ల్యాంప్‌లో పెట్టకముందే చెక్కపుల్లతో తుడిచేయాలి, ల్యాంప్ తర్వాత గోకి తీయడం కాదు. పొర పలుచగా ఉండాలి. నలుపు, తెలుపు లాంటి చిక్కటి రంగులు వెలుతురును అడ్డుకుంటాయి కాబట్టి మందంగా వేస్తే పైన గట్టిపడి అడుగున పచ్చిగానే ఉండిపోతుంది. చేత్తో ముట్టుకుంటే గట్టిగానే తగులుతుంది, తేడా తెలియదు. అందుకే ఏ కంపెనీ జెల్‌కి ఆ కంపెనీ చెప్పిన ల్యాంప్, అది చెప్పినన్ని సెకన్లు. ఇంట్లో చేసుకునేవాళ్లు ఒకచోట సీసా, మరోచోట చిన్న ల్యాంప్ కొని ఎక్కువగా తప్పేది ఇక్కడే. బొటనవేలు పక్కకి వాలి ఉంటుంది, దానికి విడిగా మరోసారి వెలుతురు పెట్టాలి. చివర్లో పైన మిగిలే జిగురు పొర గాలిలోని ఆక్సిజన్ వల్ల గట్టిపడనిది, అంటే అదంతా పచ్చి రసాయనమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన కొత్త ప్యాడ్‌తో గోటి మొదలు నుంచి కొన వైపుకి తుడవాలి. అదే ప్యాడ్‌ను పది వేళ్లకీ తిప్పితే ఆ జిగురంతా చర్మానికి పూసినట్టే.

పొడినీ ద్రవాన్నీ కలిపి గోటి మీద పెట్టే యాక్రిలిక్ వాసన ఘాటుగా ఉంటుంది, జెల్‌కి ఉండదు. వాసన లేదు కాబట్టి జెల్ మంచిదనుకోవడం సరికాదు, అలర్జీ విషయంలో అసలు అనుమానించాల్సింది జెల్‌నే. యాక్రిలిక్‌లో చూడాల్సింది వేరు. మంచి ద్రవంలో ఇథైల్ మెథాక్రిలేట్ ఉంటుంది, చవకదాంట్లో మిథైల్ మెథాక్రిలేట్. ఈ రెండోదాన్ని గోళ్లకు నేరుగా వాడటాన్ని అమెరికాలో మందులు, సౌందర్య సాధనాలను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 1970లలోనే అడ్డుకుంది. ముక్కుపుటాలు అదిరే వాసన, ఫైల్‌కి లొంగని గట్టిదనం, పూతను కరిగించి తీసే ఎసిటోన్‌లో ఎంత నానబెట్టినా కరగకపోవడం దాని గుర్తులు. అది వంగదు. తలుపు తగిలితే పైనున్నది విరగకుండా, అసలు గోరే అడుగు నుంచి చీలి వస్తుంది.

గాలి గురించి సెలూన్లు నడిపేవాళ్లు పట్టించుకోవాలి. మాల్ కియోస్క్‌లోనో, ఎండాకాలం తలుపులన్నీ మూసిన గదిలోనో స్ప్లిట్ ఏసీ ఆ గదిలో గాలినే తిప్పి చల్లబరుస్తుంది, బయటికి పంపదు. ఎసిటోన్ ఆవిరి గాలికంటే బరువు. గోడ పైభాగాన ఉన్న ఎగ్జాస్ట్ ఒక్కటే చాలదు, టేబుల్ ఎత్తులోనే గాలిని లాగి బయటికి వదిలే ఏర్పాటు కావాలి. తడిసిన దూదిని మూత ఉన్న డబ్బాలో వేయాలి. ఎన్95 మాస్కు పొడిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. పల్చటి నైట్రిల్ గ్లౌజుల్లోంచి కూడా యాక్రిలేట్లు నిమిషాల్లో లోపలికి వస్తాయి, జెల్ అంటిన గ్లౌజును వెంటనే మార్చాలి. రోజంతా ఆ బల్ల దగ్గరే కూర్చునే అమ్మాయిలకు కస్టమర్లకంటే ముప్పు చాలా ఎక్కువ, వాళ్ల గ్లౌజుల ఖర్చు దగ్గర యజమానులు పీనాసితనం చూపించకూడదు. ఇంకొకటి, ఎసిటోన్ ఆవిరి సున్నాకి 20 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా అంటుకోగలదు. దుకాణంలో దేవుడి పటం ముందు దీపం, అగరబత్తీ వెలిగించి, ఆ పక్కనే ఎసిటోన్ గిన్నె తెరిచిపెట్టడం చాలా ప్రమాదం.

ల్యాంప్ విషయానికొస్తే, అందులోంచి వచ్చేది యూవీఏ, అంటే ఒక రకం అతినీలలోహిత కిరణాలు. క్యాన్సర్ భయం వీటివల్లే. వేళ్ల కొనలు తెరిచి ఉన్న గ్లౌజులు వేసుకోండి, లేదా 20 నిమిషాల ముందు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకోండి. డాక్సీసైక్లిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఆ కోర్సు అయ్యేదాకా ఆగాలి, వెలుతురుకి గోరు లేచిపోవచ్చు.

ముందే తయారుచేసి అమ్మే, అతికించుకునే ప్రెస్ ఆన్ గోళ్ల జిగురులో ఉండేది సయనోయాక్రిలేట్. నూలు బట్ట మీద ఒలికితే అది చర్మం కాలేంత వేడెక్కుతుంది. చున్నీ మీదో ప్యాంటు మీదో పడితే ఆ బట్ట వెంటనే విప్పి, కాలినచోట చల్లటి కుళాయి నీళ్లు 20 నిమిషాలు పారనివ్వండి. చర్మానికి అంటుకుపోయిన బట్టను మాత్రం లాగకండి.

తీయించుకునేటప్పుడు తొందర పనికిరాదు. పైపూతను ఫైల్‌తో గీసి, చుట్టూ చర్మానికి వ్యాజలీన్ రాసి, ఎసిటోన్ దూదిని ఫాయిల్‌తో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. రాకపోతే మళ్లీ అయిదు నిమిషాలు. చెక్కపుల్లతో నెడితే జారిపోవాలి. లాగి పీకితే గోటి పొరలు కూడా వస్తాయి. చేతి గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి పూర్తిగా కొత్తది రావడానికి ఆరు నెలలు పడుతుంది. కింద ఆకుపచ్చ మరక కనబడితే అది ఫంగస్ అని కంగారుపడుతుంటారు. సాధారణంగా లేచిన జెల్ కింద తడి నిలిచి పెరిగే సూడోమోనాస్ బ్యాక్టీరియా అది. దానిమీద కొత్త పూత వేయించొద్దు, జెల్ తీయించి గోరు పొడిగా ఉంచాలి. నొప్పి, చీము, గోరుచుట్టు ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

లోహపు పనిముట్లను సబ్బుతో తోమి, ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 15 నిమిషాలు ఉంచాలి. నీలం లైటు వెలిగే పెట్టె దీనికి చాలదు. ఫైల్, బఫర్ మీవి మీరే తీసుకెళ్లండి.

వేళ్ల చివర్లు దురదపెడితే ఇంకో బ్రాండ్‌కి మారకుండా పూర్తిగా ఆపి, చర్మ డాక్టరును యాక్రిలేట్ ప్యాచ్ టెస్టు (రసాయనాన్ని కొద్దిగా చర్మానికి అతికించి అలర్జీ ఉందో లేదో చూసే పరీక్ష) గురించి అడగండి. అలర్జీ అని తేలితే పళ్ల డాక్టరుకు ముందే చెప్పాలి, పంటి ఫిల్లింగుల్లోనూ ఇవే రసాయనాలు వాడతారు. కీళ్ల ఆపరేషన్‌లో వాడే ఎముకల సిమెంటు మిథైల్ మెథాక్రిలేట్‌తోనే తయారవుతుంది కాబట్టి సర్జన్‌కి కూడా చెప్పాలి.