"ఈ ఫోటో ఎవరిది?" దగ్గర ఏడాది పోయింది

నిన్న సాయంత్రం పీహెచ్‌డీ లిస్టు పెట్టారు. నా పేరుంది. నాలుగుసార్లు రిఫ్రెష్ కొట్టి, నిజమేనని తేలాక ఇది రాస్తున్నా. విజువల్ ఆర్ట్‌లో యూజీసీ నెట్ పరీక్ష రాసేవాళ్లకు సిలబస్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. స్కోరు నాకు పోయినేడూ బాగానే వచ్చింది. దెబ్బ తగిలింది ఇంటర్వ్యూలో.

ఒక మేడమ్ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. నూలు మిల్లు, పొడవాటి కండెల వరుస, దాని పక్కన చిన్న పాప. "ఈ ఫోటో ఎవరిది?"

"లూయిస్ హైన్, 1908, సౌత్ కరోలినా" అని టకటకా అప్పజెప్పా.

"తీసిందెవరని అడగలేదమ్మా" అన్నారు. ఇక నోరు పెగల్లేదు.

ఇంటికొచ్చాక ఆ ఫోటో మళ్లీ తీశా. కింద ఆ అమెరికన్ ఫోటోగ్రాఫర్ హైన్ రాసిన వాక్యం ఉంది: పాప ఎత్తు 48 అంగుళాలు, ఆరు నెలలుగా పనిచేస్తోంది. మిల్లులోకి టేపు పట్టుకెళ్లలేడు కదా, ఎలా కొలిచాడు? తన కోటు గుండీల్లో ఏది ఎంత ఎత్తులో ఉందో ముందే కొలిచి పెట్టుకునేవాడు. పిల్లలతో మాట్లాడుతూ, జేబులో చెయ్యి పెట్టి అక్కడే కాగితం మీద రాసుకునేవాడు. బైబిళ్లు అమ్మేవాడినని చెప్పి లోపలికి దూరిన మిల్లులూ ఉన్నాయి. పిల్లలతో పని చేయించొద్దని పోరాడిన అమెరికా జాతీయ బాలకార్మిక కమిటీ ఇచ్చిన పని అది. 1916లో అక్కడ బాలకార్మిక చట్టం వచ్చింది, 1918లో వాళ్ల సుప్రీంకోర్టు కొట్టేసింది, మళ్లీ గట్టి చట్టానికి 1938 దాకా ఆగాల్సి వచ్చింది. మరి ఆ ఫోటో హైన్‌దా, కమిటీదా, పాపదా? మేడమ్ అడిగింది అదన్నమాట.

అక్కడి నుంచి చదివే పద్ధతే మారిపోయింది. నేను ఎప్పుడూ స్కిప్ చేసే జర్మనీ దగ్గర ఆగా. 1926లో ఏఐజెడ్ అనే వామపక్ష సచిత్ర పత్రిక కార్మికులకే పోటీ పెట్టింది: మీ బతుకు ఫోటోలు మీరే తీసి పంపండి. ఏజెన్సీల దగ్గర అలాంటివి దొరకవు మరి. అదే ఏడాది వాళ్లకో సంఘం, 'కార్మిక ఫోటోగ్రాఫర్' అనే పత్రిక వచ్చాయి. 1931లో ఏఐజెడ్ మాస్కో కార్మికుడు ఫిలిప్పోవ్ కుటుంబం 24 గంటలు ఎలా గడిచాయో వేసింది. ఆ ఫోటోలు తీసింది కార్మికులు కాదు, సోవియట్ ప్రొఫెషనల్స్. దానికి జవాబుగా 'జర్మన్ ఫిలిప్పోవ్‌లు' అని బెర్లిన్ కుటుంబాన్ని చూపించారు. ఎంసీక్యూలో ఇది రాకపోవచ్చు, ఇంటర్వ్యూలో మాత్రం బంగారం. 1933లో నాజీలు రావడంతో పత్రిక ప్రాగ్‌కు పారిపోయింది. న్యూయార్క్‌లోని ఫోటోగ్రాఫర్ల సంఘం ఫోటో లీగ్ (1936–51), 1947లో అమెరికా ప్రభుత్వం దాన్ని బ్లాక్‌లిస్టులో పెట్టడం, మన సునీల్ జానా బెంగాల్ కరువు ఫోటోలు, ఇవన్నీ మీకు తెలిసినవే. నెట్‌లో అందరికీ ఉండే పేపర్ వన్‌కి పాత ప్రశ్నపత్రాలు చాలు.

పద్నాలుగు గంటలు చదివామనే వాళ్ల మాట నమ్మకండి. నేను ఆరు గంటలే చదివా, కానీ రోజూ చదివా. పండక్కి ఊరెళ్లినా చదివా. "ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా బొమ్మలు చూస్తూ కూర్చుంది" అన్న చుట్టాలు ఇది చదువుతుంటే తెలుసుకోండి, నేను ఖాళీగా కూర్చోలేదు.

ఈసారి ప్యానెల్ డొరోథియా లాంగ్ తీసిన 'మైగ్రెంట్ మదర్' (వలస కూలీ తల్లి) ఫోటో చూపించింది. 1936లో తీసిన ఆ ఫోటోలోని తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో అని చెప్పా. తర్వాత మా అమ్మ బీడీ గుర్తింపు కార్డు గురించి చెప్పా. పెళ్లయ్యాక అమ్మ ఒక్కతే ఉన్న ఫోటో అదొక్కటే, సగం మొహం మీద ఆఫీసు స్టాంపు. ఫోన్లో గ్యాలరీ తెరిచి చూపించా కూడా.

లిస్టు చూడగానే అమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పా. "గా ఫోటో ఎందుకు జూపెట్టినవే? అండ్ల నేను మంచిగ రాలే" అంది.