చెమట ఆరని ఊళ్లో

ఏప్రిల్, ఆదివారం

నాలుగున్నరకే లేచి కాటా ఎక్కాను. 72 కిలోలు. ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆపకుండా చేసే రేసు, గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్‌కి ఈరోజు చిన్న రిహార్సల్.

ఋషికొండ ఒడ్డున వల సర్దుకుంటున్న తాత, "కుడేపుకి ఎల్లకు బాబూ, నీరు లాగేత్తాది" అన్నాడు. కెరటాల విషయంలో నా వాచీ కంటే ఆయన మాటే నాకు గురి. ఎడమవైపు ఒక కిలోమీటరు ఈదాను. గోవా రేసులో అయితే 1.9 ఈదాలి. తెల్లారకముందే నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఇంత వెచ్చటి నీళ్లలో వెట్‌సూట్, అంటే ఒంటికి బిగుతుగా పట్టే రబ్బరు ఈత దుస్తుల మాటే లేదు, అదిచ్చే తేలుడూ లేదు.

తర్వాత సైకిల్ మీద భీమిలికి రెండుసార్లు వెళ్లొచ్చాను. అసలు రేసులో 90 కిలోమీటర్లు. మంగమారిపేట దాటేదాకా ఎండుచేపల వాసన. సైకిల్ మీద గాలి మోసం చేస్తుంది. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోయి, దాహం గుర్తుకే రాదు. అందుకే పావుగంటకోసారి వాచీ మోగేలా పెట్టుకున్నా. ఉత్త నీళ్లే అదేపనిగా తాగినా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. సీసాల్లో ఉప్పు, పంచదార, నిమ్మరసం కలుపుకున్నాను. రుచి గురించి రాయను.

అసలు కథ సైకిల్ దిగి పరుగు మొదలెట్టాక. ఒళ్లు చల్లబడాలంటే చెమట ఆవిరి కావాలి. మన ఉక్కలో అది ఆవిరి కాదు, ఊరికే కారిపోతుంది. మోచేతుల నుంచి బొట్లు, పిక్కల మీదుగా మేజోళ్లలోకి ధార. మూడో కిలోమీటరుకి బూట్లు చప్‌చప్‌మంటున్నాయి. డిసెంబర్లో ఇదే వేగానికి నిమిషానికి 145 సార్లు కొట్టుకున్న గుండె ఇవాళ 168. కిలోమీటరుకి ఆరు నిమిషాలనుకుంటే ఏడుంపావు పట్టింది. ఉక్రోషం వచ్చింది. గోవాలో ఇలాంటి ఒంటితో 21 కిలోమీటర్లు పరిగెత్తాలి మరి! వాచీని మణికట్టు లోపలికి తిప్పేసి, సోడాబండి దగ్గర ఐసు ముక్కలు అడిగి టోపీలో పోసుకున్నా. "తాగడానికి కాదా సార్?" అని బండతను ఒకటే నవ్వు. ఆ ఐసు కరిగేవరకూ రెండు కిలోమీటర్లు హాయిగా గడిచాయి. ఎనిమిది పూర్తిచేసి ఆపేశాను.

ఇంటికొచ్చి మళ్లీ కాటా ఎక్కితే 69.8. మూడు సీసాలు తాగాక!

నల్ల జెర్సీ నిండా తెల్ల చారలు చూసి అమ్మ, "సున్నం ఎక్కడ పూసుకొచ్చావురా?" అంది. ఉప్పని చెప్తే నమ్మలేదు. గోటితో గీకి చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, నా మజ్జిగలో ఇంకో చిటికెడు ఉప్పు వేసి తెచ్చింది.